దర్జీ గెలిచిన మిషను

సమస్త జనులకు తెలియజేయడమేమనగా, సందు మొదట్లో ఉన్న దర్జీ, షాపు ధరలో నూరో వంతుకే సరికొత్త కరెంటు కుట్టుమిషను గెలుచుకున్నాడు. ఇది పుకారు కాదు. మెడలో టేపు వేలాడుతూ, పళ్ళన్నీ కనబడుతూ ఉన్న ఆయన ఫోటోను ఆన్‌లైన్ వేలంపాటల సైటువాళ్ళే లోకమంతటికీ చూపించారు. ఈ గెలుపుకు మొత్తం ఎంత ఖర్చయిందని కొందరు ఆరా తీస్తున్నారు. తీయకూడదు. ఒకడు బాగుపడుతుంటే ఓర్వలేనివాళ్ళే అలాంటివి అడుగుతారు.

దర్జీది ముందుగదిలో కొట్టు, వెనకగదిలో కాపురం, మధ్యలో తెర. కొట్లో రెండు మిషన్లు. ఆయనది కరెంటుది, భార్యది కాలితో తొక్కేది. బడి సెలవుల్లో కరెంటుది మాడు వాసన కొట్టి ఆగిపోయింది. బాగుచేసేవాడు వచ్చి, మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టి, "దీనికి నేను చేయగలిగిన సాయం ఇదే" అని వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే స్కూలువాళ్ళు పిల్లల యూనిఫారాలన్నీ ఆయనకే అప్పగించారు. బడి తెరిచేలోగా కుట్టి ఇస్తే ఏటా ఆ పని ఆయనదే. అది నిలబడితే కొట్టు నిలబడుతుంది. పోతే తలుపుకి తాళమే. కొత్త మిషనుకు సరిపడా డబ్బు బిస్కెట్ల డబ్బాలో ఉంది. మిషన్ల షాపు రోడ్డు దాటితే ఉంది. ఆ రోడ్డు మీద బండ్లు కూడా పెద్దగా తిరగవు.

"వెళ్ళి తెచ్చేయండి," అంది భార్య.

ఇంత సులువైన పని తెలివైన మగవాడెవడూ చేయడు.

బావమరిది ఫోన్లు బాగుచేస్తాడు, కాబట్టి ప్రపంచం తెలిసినవాడు. ఆ పూట టీ తాగడానికి వచ్చి బావ తెలివితక్కువతనాన్ని సమయానికి అడ్డుకున్నాడు.

"షాపువాడు చెప్పిన రేటిచ్చి కొనేవాణ్ణి ఏమంటారో తెలుసా బావా?"

"కొన్నవాడంటారు."

"గొర్రె అంటారు."

ఫోను తీసి సైటు చూపించాడు. నియమాలు చంటిపిల్లాడికి కూడా అర్థమవుతాయి. మిషను ధర సున్నా దగ్గర మొదలవుతుంది. ఎవరైనా ఒక పాట పాడితే ధర ఒక్క పైసా పెరుగుతుంది, గడియారం మళ్ళీ పది సెకన్లకు తిరుగుతుంది. ఆ పది సెకన్లూ ఎవరూ పాడకపోతే చివర పాడినవాడిదే మిషను. ఇందులో దాపరికమేమీ లేదు. కాకపోతే పాటలు ముందుగా కట్టలు కట్టలుగా కొనుక్కోవాలి. ఒక్క పాట ఖరీదు ఒక టీ అంత. గెలిచినా ఓడినా ఆ టీ సైటువాళ్ళే తాగుతారు. ఈ సంగతి కూడా వాళ్ళు చీమలు చదువుకునే అక్షరాల్లో నిజాయితీగా రాసే పెట్టారు.

"అంటే ధర పైసా పెరిగినప్పుడల్లా వాళ్ళకి టీ డబ్బులు పడతాయన్నమాట," అని తెర వెనక నుంచి వినిపించింది.

"అక్కా, నీకు వ్యాపారం తెలీదులే," అన్నాడు తమ్ముడు. ఒక మనిషిని చేర్పిస్తే తనకు కొన్ని పాటలు ఉచితంగా వస్తాయని చెప్పడం మర్చిపోయాడు. మనిషన్నాక మతిమరుపు ఉంటుంది.

ఆ రోజు నుంచీ దర్జీ కొట్టు యుద్ధభూమి అయింది. శత్రువులు ముగ్గురు. సైట్లో వాళ్ళ పేర్లు 'సింహం', 'బుజ్జితల్లి', 'నిద్రపోను'. మొదటి ఇద్దరూ కొంత దూరం వచ్చి, డబ్బులైపోయి, వీరమరణం పొందారు. మూడోవాడు మాత్రం గడియారంలో ఒక్క సెకను మిగిలి ఉండగా వచ్చి పాడేవాడు. ప్రతిసారీ అంతే. వాడు అన్నం తినడు, స్నానానికి వెళ్ళడు, వాడింట్లో కరెంటు కూడా పోదు.

"వీడు మనిషేనంటావా?" అని అడిగాడు దర్జీ.

"అనుమానం పెద్ద జబ్బు బావా," అన్నాడు బావమరిది.

"నిద్రపోనని పేరు పెట్టుకున్నవాడితో పందెమేంటండీ? వాడు ముందే చెప్పాడుగా," అంది భార్య.

గిరాకీలు వచ్చి నిలబడేవారు. దర్జీ ఒక చేత్తో నడుము కొలుస్తూ, రెండో చేత్తో పాడుతూ, "ముప్పై... ఆగండాగండి... ముప్పై..." అనేవాడు. బ్యాంకు ఉద్యోగి ప్యాంటుకి ఒక కాలు చీలమండ దాకా, ఇంకో కాలు మోకాలి దాకా వచ్చాయి. ఇది కూడా ఒక ఫ్యాషనే అని సర్దిచెప్పి పంపాడు. భోజనానికి లేస్తే నష్టమని, ఆయన తరఫున తనంతట తానే పాడే సౌకర్యాన్ని సైటువాళ్ళు దయతో ఏర్పాటు చేశారు. పూర్వం డబ్బు పోగొట్టుకోవాలంటే మనిషి దగ్గర కూర్చోవలసి వచ్చేది. సైన్సు ఆ కష్టం తీర్చింది.

యూనిఫారాల గుడ్డ తానులు తానులుగా గోడవార పడి ఉంది. భార్య ఒక్కతే కోసుకుంటూ, తొక్కుకుంటూ ఉంది. ఆవిడ కాళ్ళు రెండే.

డబ్బా సగమైంది. "ఇంక ఆపండి. మిగిలినదానితో పాత మిషనైనా వస్తుంది," అంది.

దర్జీ లేచి నిలబడి, టేపు సర్దుకుని, ఉపన్యాసం ఇచ్చాడు. "గుడ్డ మీద కత్తెర పెట్టేదాకా నూరు ఆలోచించు. పెట్టాక ఒక్కటీ ఆలోచించకు. సగం కోసి వదిలేసినవాడు దర్జీ కాడు. మా నాన్న నాకు నేర్పిన విద్య ఇదీ."

గొప్ప విద్య. ఆ ఒక్క సూత్రంతో ఆయన ఇన్నేళ్ళూ జానెడు గుడ్డ పాడుచేయకుండా బతికాడు. ఇప్పుడు అదే సూత్రంతో ఇల్లు కోస్తున్నాడు.

"మీరు కోసేవాళ్ళు. కుట్టు తప్పితే ఊడదీసేదాన్ని నేను," అంది ఆవిడ, ఒక చొక్కా చేతి కుట్టులోంచి దారం లాగుతూ. "వంకర కుట్టు మీద ఇంకో కుట్టు వేస్తే తిన్నగా అవుతుందా? దారం దండగ."

"ఆడవాళ్ళకి పట్టుదల ఉండదు బావా," అన్నాడు బావమరిది. వచ్చిన ఉచిత పాటలతో ఆయన వేరే మూల ఫ్రిజ్జు కోసం పోరాడుతున్నాడు.

ఒక మధ్యాహ్నం స్కూలు గుమాస్తా బండి తీసుకుని వచ్చాడు. తానులు చూశాడు, దర్జీని చూశాడు. "వేరేచోట ఇమ్మన్నారమ్మా పెద్దమేడమ్ గారు" అని భార్యతో మెల్లగా చెప్పి, గుడ్డంతా బండికెక్కించుకుని వెళ్ళిపోయాడు. దర్జీ తలెత్తలేదు. గడియారంలో రెండు సెకన్లున్నాయి. డబ్బాలోని ఆఖరి నోటుతో కొన్న పాట పాడాడు. రెండు, ఒకటి, సున్నా. నిద్రపోననేవాడు ఎట్టకేలకు కునుకు తీశాడు. ఫోను తెర మీద రంగు కాగితాలు రాలాయి.

డబ్బాలోంచి పోసిన డబ్బుకు షాపులో అలాంటిది వచ్చి ఉండేదో లేదో షాపువాణ్ణి అడిగితే చెబుతాడు. దర్జీ అడగలేదు. టీకొట్టు దగ్గర మాత్రం ప్రసంగించాడు. "ఓపిక, పట్టుదల, గురి. ఈ మూడూ ఉంటే నూరో వంతుకే మిషను. చేతకానివాళ్ళే షాపుకి వెళ్తారు." చప్పట్లు పడ్డాయి. ఆ వారంలో చెప్పుల కొట్టాయన టీవీ కోసం, రిటైరైన హెడ్మాస్టరు ఏసీ కోసం పాటల కట్టలు కొన్నారు. రోడ్డవతల మిషన్ల షాపాయన కూడా స్కూటరు కోసం దిగాడు.

మిషను వచ్చింది. దర్జీ కట్లు విప్పి, ప్లగ్గు పెట్టాడు. లైటు వెలిగింది. గోడ వైపు చూడకుండానే గుడ్డ కోసం చెయ్యి చాపాడు. చెయ్యి చాలాసేపు అలాగే ఉంది.

"గుడ్డేది?"

"తీసుకెళ్ళిపోయారు. మీరు గెలుస్తున్నారుగా, అడ్డం రావడమెందుకని పిలవలేదు."

మర్నాడు పొద్దున్న ఆవిడ ఆ మిషను మోసుకొచ్చి గుమ్మం ముందు స్టూలు మీద పెట్టింది. పక్కన ఖాళీ బిస్కెట్ల డబ్బా పెట్టింది. వీధిలో మగవాళ్ళను పిలిచింది.

"మిషను పాటకి పెడుతున్నాను. ఒక్క పాటకి టీ డబ్బులు డబ్బాలో వేయాలి. ధర పైసా పెరుగుతుంది. నేను పది లెక్కపెడతాను. సున్నా దాకా ఎవరూ వేయకపోతే చివర వేసినవాళ్ళది. మిగతావాళ్ళవి తిరిగివ్వను."

హెడ్మాస్టరు మండిపడ్డాడు. "పట్టపగలు దోపిడీ ఇది. అందరి దగ్గరా లాక్కుని, వస్తువు ఒక్కడికా?"

"అవును మాస్టారూ. అదే నేను చెప్పాలనుకున్నది," అంది ఆవిడ. మొహం కాస్త విప్పారింది. పెట్టిన పాట ముగించాలి కాబట్టి లెక్క మొదలుపెట్టింది. "పది, తొమ్మిది, ఎనిమిది..."

రెండు దగ్గర చెప్పుల కొట్టాయన నోటు వేశాడు.

"ఊరికే చూద్దామని," అన్నాడు.

తర్వాత మిషన్ల షాపాయన. ఆయన దగ్గర అలాంటి మిషన్లు అటక దాకా ఉన్నాయి. తర్వాత, దోపిడీ ఎలా జరుగుతుందో దగ్గరగా పరిశీలించడానికి హెడ్మాస్టరు. ఆవిడ పది నుంచి లెక్కపెడుతూనే ఉంది, రెండు దగ్గర ఎవరిదో చెయ్యి వస్తూనే ఉంది. టీ కోసం వచ్చినవాళ్ళు టీ మానేసి డబ్బాలో వేశారు. డబ్బా నిండుతోంది. చివరికి రెండు అనగానే ఒక నోటు పడింది. తలెత్తి చూసింది. మెడలో టేపు.

"మీరేంటండీ?"

"మనది మనకి రావద్దా?" అన్నాడు దర్జీ.

ఆవిడ లెక్క ఆపేసింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఎవరి డబ్బు వాళ్ళకి చేతిలో పెట్టి పంపింది. మిషను లోపలికి మోసుకెళ్ళి, తన తొక్కుడు మిషను ముందు కూర్చుని, బ్యాంకాయన ప్యాంటు ఊడదీయడం మొదలుపెట్టింది.

వీధి సంఘం ఆ సాయంత్రమే అత్యవసరంగా సమావేశమైంది. నియమాల ప్రకారం సాగుతున్న పాటను మధ్యలో ఆపడం, పైగా డబ్బు వెనక్కిచ్చి పాడినవారిని అవమానించడం నమ్మకద్రోహమని ఏకగ్రీవంగా తీర్మానించింది. సైటువాళ్ళు ఇంతవరకూ ఒక్క పాట ఆపలేదనీ, ఒక్క పైసా వెనక్కివ్వలేదనీ, పద్ధతిగల వ్యాపారమంటే అదేననీ హెడ్మాస్టరు గుర్తుచేశారు. ఆవిడ మీద ఫిర్యాదు రాశారు. మొదటి సంతకం దర్జీది. లెక్క ఆగేసరికి చివరి పాట ఆయనదే మరి.

కాగితం టీకొట్టు బల్ల మీదే ఉంది. కింద బోలెడంత చోటుంది. మీరూ వచ్చి సంతకం చేయవచ్చు. తొందరేమీ లేదు, ముందు మీ ఫోనులో ఆ పది సెకన్ల సంగతి చూసుకుని రండి.