తొంభై రెండు శాతం చాలా సంతృప్తి

మానవజాతి మొదట నిప్పును కనిపెట్టింది, తరవాత చక్రాన్ని కనిపెట్టింది, చివరికి ఫుట్‌నోట్‌ను కనిపెట్టి ఇక చాలని విశ్రాంతి తీసుకుంది. ఒక మాట నిజమా కాదా అని బుర్ర బద్దలు కొట్టుకునే అవస్థ ఆ రోజుతో తీరిపోయింది. మాట చివర చిన్న అంకె ఉంటే నిజం, లేకపోతే అభిప్రాయం.

ఈ సూత్రాన్ని కెనడాలో మా మార్కమ్ ప్రాంతంలోని హైస్కూలు పిల్లలకు నేర్పే బాధ్యతను ఒక డిబేట్ లీగ్ స్వీకరించింది. నేను ఆ లీగ్‌లో టైమ్‌కీపర్‌ని. పోటీలో చేరిన ప్రతి పిల్లవాడి ఇంటి నుంచి ఒక పెద్దమనిషి సేవ చేయాలన్నది నియమం. మా అబ్బాయి రెండో వారంలోనే డిబేట్ మానేసి బాస్కెట్‌బాల్‌కి వెళ్లిపోయాడు. టైమ్‌కీపర్‌ని విడుదల చేసే ఫారం ఇంకా తయారు కాలేదు (కాబట్టి నాలుగేళ్లుగా గంట కొడుతున్నాను).

పాలసీ డిబేట్ అంటే తెలియనివారికి రెండు మాటలు. ప్రభుత్వం ఫలానా పని చేయాలని ఒక జట్టు, చేయకూడదని ఇంకో జట్టు వాదిస్తాయి. ఎవరు ఏ వైపో నాణెం ఎగరేసి తేలుస్తారు. సొంత అభిప్రాయం ఉన్న పిల్లలకు ఇది మొదట్లో కొంచెం ఇబ్బంది, సాధన చేస్తే పోతుంది. చెప్పే ప్రతి మాటకూ సోర్సు చూపాలి. సోర్సంటే ఏమిటో లీగ్ నియమావళి ఏడో సెక్షన్ స్పష్టంగా చెబుతుంది: అచ్చయి ఉండాలి, తేదీ ఉండాలి, ఆ సమాచారం మొదట ఎక్కడ పుట్టిందో అక్కడిదాకా వెనక్కి వెళ్లి చూసి రావాలి. అదే సెక్షన్ చివర ఇంకో వాక్యం ఉంది: "ఎదురుగా నిలబడి మాట్లాడే మనిషి సోర్సు కాడు. ఆ మనిషి గురించి మరొకరు రాసినది సోర్సు."

2023లో ఇచ్చిన అంశం: "అంతర్జాతీయ విద్యార్థుల సంఖ్యకు కెనడా పరిమితి విధించాలి." అవి ఏ కాఫీ కౌంటర్ దగ్గర నిలబడ్డా అవతల ఉన్న అమ్మాయి "షుగర్ ఎన్ని అంకుల్?" అని తెలుగులో అడిగే రోజులు. మా వీధిలో నేలకింది బేస్‌మెంట్‌ని అద్దెకిచ్చిన ప్రతి ఇంటి పక్క తలుపు దగ్గరా నాలుగు జతల స్నో బూట్లు కనిపించేవి.

మా ఎదురింటి సుబ్బరాజు గారి పక్క తలుపు దగ్గర కూడా నాలుగు జతలే. ఆయనది భీమవరం. పదేళ్లు అమెరికాలో చేసి ఇక్కడికొచ్చి, ఒక టెక్ కంపెనీలో మేనేజరుగా స్థిరపడ్డారు. మంచి మనిషి. బేస్‌మెంట్‌ని మన పిల్లలకు తప్ప ఇవ్వరు. మన వాళ్ల మధ్య కాగితాలేమిటని లీజు కూడా రాయించుకోరు. ఆయన భార్య హైమావతి గారు పండగలకి కిందికి పులిహోర పంపిస్తారు. వాళ్లమ్మాయి రిషిత గ్రేడ్ లెవెన్ చదువుతూ డిబేట్‌లో ఫైనల్‌కి వచ్చింది. నాణెం పడిన తీరును బట్టి ఆ అమ్మాయి "పరిమితి అక్కర్లేదు" అనే వైపు.

పరిమితి అక్కర్లేదనాలంటే వచ్చిన విద్యార్థులు సుఖంగా ఉన్నారని చూపాలి. రిషిత వెతికింది, దొరికింది. "కాలేజీ విద్యార్థుల్లో తొంభై రెండు శాతం మంది తమ వసతి పట్ల చాలా సంతృప్తిగా ఉన్నారు" అని ఒక పత్రికలో ఉంది. సుబ్బరాజు గారు ఆ వాక్యాన్ని ఫ్రిజ్ మీద అంటించారు.

"చూశారా," అన్నారు నాతో. "మనం చేస్తున్నది ఊరికే పోలేదు."

కానీ ఏడో సెక్షన్ ప్రకారం వెనక్కి వెళ్లాలి. పత్రికలోని వాక్యం చివర అంకె ఒక కన్సల్టింగ్ సంస్థ నివేదికకు దారి చూపింది. నివేదిక ఉన్న డేటాబేస్ తెరవడానికి స్కూలు లైబ్రరీ పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ ఇచ్చే లైబ్రేరియన్ మంగళవారాలు మాత్రమే వస్తుంది (మిగతా రోజులు ఇంకో రెండు స్కూళ్లకు ఆవిడే లైబ్రేరియన్). మంగళవారం వెళ్తే, ఏ పేజీ కావాలో ఫారంలో రాయమంది. చదివితే గాని ఏ పేజీయో తెలియదని రిషిత చెప్పింది. చదవడానికి వేరే ఫారం ఉందని ఆవిడ ఓపిగ్గా వివరించింది. మూడో మంగళవారం నివేదిక తెరుచుకుంది. అందులో అదే వాక్యం ఉంది, చివర ఇంకో అంకె. ఆ అంకె ఒక ప్రైవేటు కాలేజీ వార్షిక నివేదికకు చేర్చింది. వార్షిక నివేదిక ఆఖరి పేజీలో చిన్న అక్షరాలతో: "మార్కమ్ క్యాంపస్ విద్యార్థుల సర్వే ఆధారంగా."

మార్కమ్ క్యాంపస్ అంటే ఒక పళ్ల డాక్టరు క్లినిక్‌కీ బబుల్ టీ షాపుకీ మధ్య మెట్లెక్కితే వచ్చే రెండో అంతస్తు. (లైబ్రరీ ఉంది. ప్రింటర్ పక్కన.)

ఆ పేరు వినగానే హైమావతి గారు, "మన ప్రణీత్ చదివేది అక్కడే కదే. కిందికెళ్లి అడిగిరా," అన్నారు.

బేస్‌మెంట్‌లోని నలుగురిలో ఒకడైన ప్రణీత్‌ది సిరిసిల్ల. పగలు కాలేజీ, సాయంత్రం ఆరింటి నుంచి వాన్ అనే పక్క ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో పార్ట్‌టైమ్. రిషిత స్కూలు నుంచి వచ్చాక నాలుగున్నరకి మెట్లు దిగింది. బేస్‌మెంట్ అద్దెకిచ్చి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో ఆ అమ్మాయి ఆ మెట్లు దిగడం అదే మొదటిసారి. ప్రణీత్ జాకెట్ వేసుకుని, చెవుల మీదికి టోపీ లాక్కుని, స్టవ్ దగ్గర కోడిగుడ్లు వేయిస్తున్నాడు.

"బయటికి వెళ్తున్నారా?" అంది రిషిత.

"లేదు, ఇంట్లనే ఉన్న."

ఆ అమ్మాయి సర్వే సంగతి అడిగింది. ప్రణీత్ కాసేపు గుర్తు తెచ్చుకుని నవ్వాడు.

"అదా. అది నింపితేనే టైమ్‌టేబుల్ డౌన్‌లోడ్ అయితది. వసతి ఎట్లుందని ఒక ప్రశ్న. 'చాలా సంతృప్తి' నొక్కితే అయిపోతది. ఇంకేది నొక్కినా ఐదు పేజీలు తెరుచుకుంటయ్. లీజు అప్‌లోడ్ చెయ్యాలె. ఓనర్ పేరు రాయాలె."

"సో మీరేం పెట్టారు?"

"చాలా సంతృప్తి. మేం నలుగురం అదే పెట్టినం. క్లాస్‌ల అందరూ అదే పెట్టిన్రు. మనది లీజు లేదు కద. ఇగ ఓనర్ అంటే మీ డాడీ."

"మరి ఎనిమిది శాతం?"

"వాళ్లకి బస్సు లేటై, ఐదు పేజీలు నింపేంత టైమ్ దొరికి ఉంటది."

రిషిత నోట్‌బుక్‌లో రాసుకుంది. తరవాత పెన్ను ఆపి అడిగింది. "బట్ ఇక్కడ నిజంగా జాకెట్ వేసుకునేంత చలిగా ఉంటుందా?"

"నువ్వొచ్చి ఎంతసేపైంది?"

"మేబీ ట్వెంటీ మినిట్స్."

"కాళ్లెట్లున్నయ్?"

రిషిత తన సాక్సుల వైపు చూసుకుని, ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టుకుంది. ప్రణీత్ పడుకునే గదిలోకి హీటింగ్ రాదు. మిగతా బేస్‌మెంట్‌కి వస్తుంది, కానీ వేడి ఎప్పుడు ఆపాలో నిర్ణయించే థర్మోస్టాట్ పై హాల్లో ఉంటుంది. పై హాలు వెచ్చబడగానే, ఇల్లంతా వెచ్చబడినట్టు భావించి ఆగిపోతుంది. (యంత్రాన్ని తప్పు పట్టలేం. అదీ తనకు దగ్గరగా ఉన్నవాళ్లనే అడుగుతుంది.)

"ఇది నేను డిబేట్‌లో చెప్పొచ్చా?"

ప్రణీత్ గుడ్లు గిన్నెలోకి తీశాడు. "చెప్పు. పేరు మాత్రం చెప్పకు. వెళ్లగొడితే జనవరిల రూమ్ దొరకదు."

మర్నాడు రిషిత లీగ్ ఆధారాల అధికారి విశ్వనాథం గారికి ఫోన్ చేసింది. ఆయన రిటైరైన ఆడిటర్. ఎవరి మనసూ నొప్పించరు, నియమం విషయంలో తప్ప. ఆ సమయంలో నేను ఆయన పక్కనే ఉన్నాను. స్పీకర్ పెట్టారు.

"అంకుల్, ఆ సర్వే నింపిన పర్సన్‌తో మాట్లాడాను. హి సేస్ అది నిజం కాదు. తనని సోర్స్‌గా వాడొచ్చా?"

"ఎక్కడ అచ్చయ్యాడమ్మా?"

"లేదు అంకుల్. హి ఈజ్ డౌన్‌స్టెయిర్స్."

"అది వెబ్‌సైటా?"

"మా బేస్‌మెంట్."

విశ్వనాథం గారు నియమావళి తిరగేశారు. "చూడమ్మా, ఆ అబ్బాయి చెప్పింది సర్వేలో పడింది, సర్వే కాలేజీ నివేదికలో, అది కన్సల్టెంట్ నివేదికలో, అది పేపర్లో. ఇన్ని చోట్ల ఒకటే ఉన్నప్పుడు, ఇప్పుడు అతనొక్కడూ వేరే చెబుతున్నాడంటే బరువు ఎటువైపుంది? మూలం దాకా వెళ్లమన్నాం గానీ, దానితో మాట్లాడమనలేదు కదా."

"సో నేను తొంభై రెండు శాతమే చదవాలా?"

"చదివితే గెలుస్తావమ్మా," అన్నారాయన ఆప్యాయంగా.

ఫైనల్ డిసెంబరు మొదటి శనివారం, స్కూలు కెఫెటేరియాలో జరిగింది. సుబ్బరాజు గారు రెండు కార్ల నిండా బంధుమిత్రులను తెచ్చి మూడో వరసలో కూర్చున్నారు. రిషిత జోడీ అమ్మాయి బాగా మాట్లాడింది. తరవాత రిషిత లేచి తొంభై రెండు శాతం వాక్యం రాసుకున్న కార్డు చదివింది. మూడో వరసలో చప్పట్లు పడ్డాయి. ఆ అమ్మాయి కార్డును బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఈ అంకె ఎక్కడ పుట్టిందో వెతికాను," అంది (ఇంగ్లీషులోనే, నేను తెలుగులో చెబుతున్నాను). "కొంత మా ఇంట్లోనే పుట్టింది. మా కింద నలుగురు ఉంటారు. వాళ్లు 'చాలా సంతృప్తి' నొక్కారు. ఇంకేది నొక్కినా మా నాన్న పేరు రాయాలి. అక్కడ ఒక గదికి హీటింగ్ లేదు. నేను ఇరవై నిమిషాలు ఉండి వచ్చేశాను. మా నాన్న చెడ్డవారు కాదు. ఆయన కిందికి దిగలేదు. నేనూ దిగలేదు. ఈ అంకెను నమ్మకండి."

నా గడియారం ప్రకారం సమయం ఎప్పుడో అయిపోయింది. చెయ్యి గంట మీదే ఉంది. నలభై సెకన్లు కొట్టలేదు. లీగ్ చరిత్రలో ఒక టైమ్‌కీపర్ చేసిన ఏకైక తిరుగుబాటు ఇది. ఎవరూ గమనించలేదు.

రిషిత జట్టు ఓడిపోయింది. తన సోర్సును తానే ఖండించినందుకు ఐదు పాయింట్లు, అచ్చుకాని మనుషులను ఉదహరించినందుకు పది పాయింట్లు తగ్గించినట్టు విశ్వనాథం గారు ప్రకటించారు. ఆ తరవాత పక్కకు పిలిచి ఆ అమ్మాయికి ఒక కుకీ ఇచ్చారు. అది నియమావళిలో లేదు.

ఇంటికి రాగానే సుబ్బరాజు గారు బూట్లు విప్పి, సాక్సులతోనే మెట్లు దిగారు. ఈ సంగతి ఆయనా చెప్పారు, ప్రణీత్ కూడా చెప్పాడు. ఇద్దరి కథా ఒకటే కావడం వల్ల రాస్తున్నాను.

"ఏంటయ్యా ప్రణీత్, నాకొక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్పిన అంకుల్. అక్టోబర్ల. వాట్సాప్‌ల పెట్టమన్నరు, పెట్టిన."

సుబ్బరాజు గారు ఫోన్ తీసి వెనక్కి జరుపుకుంటూ పోయారు. దీపావళి శుభాకాంక్షలు, పులిహోర ఫొటో, చెత్త డబ్బాల రోజు మారిందన్న కబురు, వాటన్నిటికీ పైన ఒక మెసేజ్: "అంకుల్, నా రూమ్‌ల హీట్ వస్తలేదు."

"నేను చూశానా ఇది?"

"బొటనవేలు బొమ్మ పెట్టిన్రు అంకుల్."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, గది మధ్యలో కాసేపు నిలబడ్డారు. "కొంచెం చల్లగానే ఉందయ్యా ఇక్కడ."

"ఈరోజు నయం అంకుల్."

ఆయన పైకి వచ్చి సాక్సులు మార్చుకున్నారు. పదకొండు రోజుల్లో గదికి వేడిగాలి వచ్చే వెంట్ వచ్చింది. థర్మోస్టాట్ ఇంకొకటి కింద పెట్టించారు. హైమావతి గారు హాల్లోని తివాచీ తీసి కిందికి పంపారు. ప్రణీత్ టోపీ లేకుండా కనిపించడం మొదలైంది. అతనికి జుట్టు బాగానే ఉందని అప్పుడే తెలిసింది.

కూతురితో మాత్రం నాలుగు రోజులు మాట కలవలేదు. ఐదో రోజు స్కూలు దగ్గర దింపుతూ సుబ్బరాజు గారు అన్నారు. "అందరి ముందూ ఎందుకమ్మా? ముందే నాకు చెబితే సరిపోయేదిగా."

"డాడీ, మీరు సోర్స్ ఏంటని అడిగేవారు."

ఆయన ఆలోచించి, అవునన్నారు. అమ్మాయి కారు దిగి, తిరిగి వంగి, బై చెప్పింది.

ఈ సంఘటన మా ప్రాంతపు తెలుగువాళ్లలో గట్టి కదలిక తెచ్చింది. సంక్షోభాన్ని పరిశీలించడానికి విద్యార్థి వసతి సంక్షేమ కమిటీ ఏర్పడింది. ఏడుగురు సభ్యులం, ఏడుగురికీ బేస్‌మెంట్లున్నాయి. విషయం లోతుగా తెలిసినవాళ్లు ఉండాలని అలా ఎంచుకున్నారు. ప్రత్యక్ష అనుభవం దృష్ట్యా సుబ్బరాజు గారు అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. విద్యార్థుల గొంతు వినబడాలని సుబ్బరాజు గారే పట్టుబట్టి ప్రణీత్‌ను ప్రతినిధిగా ఆహ్వానించారు. మొదటి సమావేశం శనివారం ఉదయం పదింటికి. సెలవుల రద్దీకి వేర్‌హౌస్‌లో శనివారాలు కూడా షిఫ్ట్ వేస్తున్నారని, రాలేనని, ఆదివారమైతే వస్తానని ప్రణీత్ ముందే కబురు పంపాడు. ఆదివారం సభ్యులకు కుదరలేదు.

సమావేశం సంతృప్తికరంగా జరిగింది. హాజరైన విద్యార్థులెవరూ ఎలాంటి ఫిర్యాదూ చేయలేదని మినిట్స్‌లో రాశాను.