చూడకుండా ఇచ్చిన ఒక్క నక్షత్రం

సిరీస్ చూడకుండానే దాని మీద అభిప్రాయం చెప్పగలగడం మనిషి సాధించిన అతి గొప్ప ప్రగతి. నిప్పూ, చక్రమూ దాని తరవాతే!

మీరే ఆలోచించండి. ఒక సూపర్‌హీరో సిరీస్ అంటే ఎనిమిది ఎపిసోడ్లు. పూర్తిగా చూడాలంటే ఆదివారం మొత్తం సోఫాకి సమర్పించుకోవాలి. తిట్టడానికి రెండు నిమిషాలు చాలు. మిగిలిన సమయంలో ఇంకో నాలుగు సిరీస్‌లను తిట్టుకోవచ్చు. కాలం విలువ ఇంతగా తెలిసిన ప్రేక్షకుల్ని పట్టుకుని పనిలేనివాళ్లని ఎలా అంటారండీ?

అమెరికాలోని మా టొలీడో ఊళ్లో ఈ విద్యకు విశ్వవిద్యాలయం వెర్లిన్ కామిక్స్ దుకాణం. ప్రతి బుధవారం కొత్త పుస్తకాలు వస్తాయి. పని దిగగానే సరాసరి అక్కడికి చేరే పదిహేను మందిలో నేనూ ఒకణ్ణి. ఎవరి పేరు మీద వాళ్లకి ఒక అట్టపెట్టె ఉంటుంది, అందులో దుకాణదారు వెర్లిన్ మా పుస్తకాలు తీసి ఉంచుతాడు. మేం ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ కవర్లోకి దించి, వెనక అట్ట దన్నుగా పెట్టి, టేపు వేసి, ఇంటికి తీసుకుపోయి దాచుకుంటాం.

చదవరా అంటారా? చదివితే మూలలు నలగవూ!

ఈ ఏడాది మా దుకాణానికి పెద్ద పండగే వచ్చింది. మా ఊరి చిత్రకారిణి ఆర్డిస్ కొవాచ్ గారు ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట గీసి, సొంతంగా అచ్చు వేసుకున్న 'రేకు పిచ్చుక' టీవీ సిరీస్ అయింది. గాజు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక పిల్ల రేకు రెక్కలు కట్టుకుని ఎగిరే కథ. వచ్చింది ఒకే ఒక్క సంచిక, మూడు వందల కాపీలు. రెండో సంచిక ఎందుకు రాలేదో మాలో ఎవరికీ తెలీదు. ఆ కాపీల్లో పదిహేను మా దగ్గరే ఉన్నాయి. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉన్నట్టు మా ప్రాణాలు ఆ పిచ్చుకలో ఉన్నాయి.

పోస్టర్ వచ్చిన రోజే ఘోరం బయటపడింది. పిచ్చుక కోటు గోధుమరంగులో ఉంది. మా కాపీల అట్ట మీద ఎర్ర కోటు కదా!

ఆలు లేదు చూలు లేదు, సిరీస్ రావడానికి ఇంకా మూడు వారాలుంది. అయినా బాధ్యతగల అభిమానులం, ఊరుకుంటామా? మా గ్యారిక్ పగలు పళ్ల డాక్టరు, మిగతా వేళల్లో పిచ్చుక భక్తుడు. అతను కారులో కూర్చుని నలభై నిమిషాల వీడియో చేశాడు. నలభై నిమిషాలూ అతని మొహమే. ఆ వీడియో చూస్తున్న తమ మొహాలు చూపిస్తూ ఇంకో ఆరుగురు వీడియోలు చేశారు. ఆ ఆరుగురినీ చూస్తూ మరొకాయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. అసలు సిరీస్ అవసరమే లేకుండా ఒక పరిశ్రమ నడిచిపోయింది.

నేను మాత్రం నిదానస్తుణ్ణి. రేటింగ్ సైటులో ఐదు నక్షత్రాలకు ఒక్కటే ఇచ్చి, 'నా బాల్యాన్ని హత్య చేశారు' అని రాసి ఊరుకున్నాను. ఆ పుస్తకం కొన్నప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. అయితేనేం, బాల్యానికి వయసుతో పనేమిటి?

సిరీస్ విడుదలైన తరవాతి బుధవారం ఆర్డిస్ గారు దుకాణానికి వచ్చారు. ఆవిడకిప్పుడు డెబ్బై తొమ్మిది. గ్యారిక్ తన కాపీని గుండెకు హత్తుకుని, ఆవిడకు జరిగిన అవమానానికి ప్రతీకారం తీర్చుకుంటామని మాట ఇచ్చాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఆవిడ అనొచ్చు. అనలేదు.

"కోటు గోధుమరంగే నాయనా. వాళ్లమ్మ పాత కోటు అది. ప్రెస్సులో ఆ రంగు అయిపోతే, అట్టకి ఎర్రది కొట్టేశారు. లోపలంతా గోధుమరంగే కదా. చూళ్లేదా మీరు?"

గ్యారిక్ తన కాపీ వంక చూశాడు. రెండు గట్టి ప్లాస్టిక్ పలకల మధ్య సీలు వేసి ఉంది. సీలు విప్పితే అది ఇక చేయి తగలని కాపీ కాదు.

"చూడక్కర్లేదండీ, పిచ్చుక సంగతి మాకు తెలుసు," అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు. ఆ సాయంత్రం పెట్టిన వీడియోలో మాత్రం, పిచ్చుకను గీసినావిడకే పిచ్చుక అర్థం కాలేదని తేల్చేశాడు. సిరీస్ తీసినవాళ్ల నేరం కూడా బయటపెట్టాడు. వాళ్లు పుస్తకం విప్పి చదివారట, ద్రోహులు!

వెళ్లేముందు ఆర్డిస్ గారు ఇంకో మాట అడిగారు. ఆరో ఎపిసోడ్లో ఆ పిల్ల మొదటిసారి ఎగిరినప్పుడు వాళ్లమ్మ కిటికీ తెరుస్తుంది కదా, అది ఎలా ఉందని. పద్నాలుగు మంది తమ అట్టపెట్టెల్లో ఏదో వెతుక్కున్నారు. నేను వంగి, ఊడని బూటు లేసు కట్టుకున్నాను.

నెల తిరక్కుండా సిరీస్ ఆపేశారు. నక్షత్రాలు చాల్లేదట. ఆ వార్త వినగానే మా గుండెలు భగ్గుమన్నాయి. ఎంత అన్యాయం! రెండో సీజన్ తీసి తీరాలని, అదీ ఎర్ర కోటుతోనే తీయాలని విజ్ఞప్తి రాశాం. మొదటి సంతకం గ్యారిక్‌ది. రెండోది నాది. పదహారోది ఆర్డిస్ గారిదైతే బాగుంటుందని ఆవిడ చేతికిచ్చాం. ఆవిడ రెండు వైపులా తిప్పి పూర్తిగా చదివారు. సంతకం పెట్టిన మాలో ఎవరూ చేయని పని అది.

"రెండోది ఎందుకయ్యా, ముందు మొదటిది చూడండి," అని కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

గ్యారిక్ చేతిలో పెట్టి ఉంటే నేను హాయిగా ఉండేవాణ్ణి. నా చేతిలో పెట్టారు. ఆ ఆదివారం ఎనిమిది ఎపిసోడ్లూ చూశాను. కిటికీ తెరుచుకున్నప్పుడు ఏడ్చాను. తేరుకుని, ఒక్క నక్షత్రాన్ని ఐదు చేద్దామని సైటులోకి వెళితే, సిరీస్ ఆగిపోయింది కాబట్టి రేటింగులు ముగిశాయని చెప్పింది.

అప్పుడు కత్తెర తెచ్చి నా పుస్తకం టేపు కోశాను. ఒక మూల చిరిగింది కూడా. లోపల గోధుమరంగు కోటే. చివరి పేజీలో, కింద, ఆర్డిస్ గారి చేతిరాత అచ్చు వేసి ఉంది. 'చదివినవాళ్లు ఎలా ఉందో ఒక్క ముక్క రాయండి. మీ ఉత్తరాలు వస్తే రెండో సంచిక మొదలుపెడతాను.' ఆ కింద పోస్టు బాక్సు నంబరు.

వెర్లిన్‌ని అడిగితే చెప్పాడు. ఆవిడ తొమ్మిదేళ్లపాటు ప్రతి శనివారం వెళ్లి ఆ బాక్సు తెరిచి చూసుకునేవారట. ఒక్క ఉత్తరం రాలేదు.

కాబట్టి పాఠకులారా, చూడకముందే తిట్టడం గొప్ప వరమని మళ్లీ మనవి చేస్తున్నాను. దానికి రెండు నిమిషాలు చాలు. చదివి, చూసి, అప్పుడు మాట్లాడాలంటే నాలాంటివాడికి ముప్ఫై ఎనిమిదేళ్లు పట్టింది. ఆ పోస్టు బాక్సు ఇప్పుడు లేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను.

ఆర్డిస్ గారూ, పుస్తకం చదివాను. చాలా బాగుంది. తరవాత ఆ పిల్ల ఏమైంది?