కాన్పుల కేంద్రంలో తెల్లచొక్కాలు

ఆ సోమవారం పొద్దున బసమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. తనిఖీ అధికారి వచ్చి పోయేదాకా తోడికోడలు ఉరుకుందమ్మకు తెల్లకోటు తొడిగి కాన్పుల కేంద్రంలో ఒక మూల నిలబెట్టడం. అంతే.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఉన్న ఆ ఊరి కేంద్రంలో ఇద్దరు నర్సులు ఉండాలని నియమం. ఉన్నది జొహరాబీ ఒక్కతే. రెండో కుర్చీ ఏండ్లుగా ఖాళీ. సిబ్బంది చాలకపోతే కేంద్రం మూసేస్తారని కబురు వచ్చింది. అక్కడ ఆయాగా ఉన్న బసమ్మకు తన కొలువు కంటే కూతురు లక్ష్మి దిగులే ఎక్కువ. లక్ష్మికి నెలలు నిండాయి. ఆ గుంతల దారిన ఆదోనికి పోతే బిడ్డ నడిదారిలోనే పుడుతుంది. పైగా ఆ పిల్లకు జొహరాబీ చెయ్యి మీద తప్ప ఇంకో చెయ్యి మీద నమ్మకం లేదు.

"అబద్ధాలు వద్దు బసమ్మా," అంది జొహరాబీ.

"అబద్ధం యాడుండాది సిస్టరమ్మా? అది ఊరికే నిలబడతాది. నోరు తెరవదు."

ఉరుకుందమ్మ నోరు అప్పటికే కొళాయి దగ్గర తెరిచేసింది. ఎండ ఎక్కేసరికి ఊళ్లో సగం మంది ఆడవాళ్లు చీరల మీద మొగుళ్ల తెల్లచొక్కాలు తొడుక్కుని దిగబడ్డారు.

"ఒక్కతి సాలంటినే!" అని బసమ్మ నెత్తి కొట్టుకుంది.

"నా కోడలికీ ఈడనే కాన్పు కావాలక్కా. మేం సూస్తా కూసుంటామా?" అంది వాళ్లలో ఒకామె.

అంతలో జీపు వచ్చింది. దాని వెనకే, నొప్పులు పడుతున్న భార్యతో ఊరి రైతు తిరుపాల్ ట్రాక్టరు వచ్చింది. జొహరాబీ ఆమెను లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. అధికారి జయరాం తెల్లచొక్కాల నడుమ చిక్కుకుపోయాడు.

లోపల కేక వినపడగానే చొక్కాలన్నీ కదిలాయి. కాన్పు సులువు కావాలంటే చుట్టుపక్కల ముడి ఉండకూడదు, తాళం పడి ఉండకూడదు. ఆ ఊళ్లో అది ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. ఒకామె బీరువా తాళం తీసింది. ఒకామె కిటికీ తెర ముడి విప్పింది. ఇంకొకామె పోయి జీపు తలుపులు బార్లా తెరిచి వచ్చింది. ఉరుకుందమ్మ జయరాం కాళ్ల దగ్గర చతికిలబడి బూట్ల తాళ్లు లాగింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"కాన్పు సేస్తాండాను సార్. కదలొద్దు."

జయరాం తల తిప్పి బసమ్మ వైపు చూశాడు. "వీళ్లంతా ఇక్కడి స్టాఫేనా?"

అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో బసమ్మకు తోచలేదు. "అంతా మనోళ్లే సార్," అంది.

ఉరుకుందమ్మ చెయ్యి అతని బెల్టు దాకా పోబోతుండగా లోపల పసిబిడ్డ కేరుమంది.

"సూస్తిరా సార్! బెల్టు పని పడనే లేదు."

జయరాం ఊడిపోతున్న బూట్లు ఈడ్చుకుంటూ జీపెక్కాడు. "యూనిఫాం బాగాలేదు. కానీ ఇంతమంది పనిచేసే కేంద్రం నేనెక్కడా చూడలేదు!"

ఊరు పండగ చేసుకుంది. జొహరాబీ కూడా నవ్వింది.

గురువారం ఉత్తర్వు వచ్చింది. కేంద్రం మూతపడదు. సిబ్బంది అవసరానికి మించి ఉన్నారు కాబట్టి ఒక నర్సును ఆస్పరి కేంద్రానికి మార్చారు. ఈ కేంద్రంలో పనిచేసేవాళ్లలో ప్రభుత్వానికి పేరు తెలిసిన నర్సు జొహరాబీ ఒక్కతే.

"పోనీలే బసమ్మా, కేంద్రం నిలబడింది కదా," అంది ఆమె సంచి సర్దుకుంటూ.

బసమ్మ లక్ష్మి బట్టలు కూడా అదే సంచిలో పెట్టింది.