గుట్టెక్కిన వాగు

చిరిగిన పటానికి చేతికందిన ముక్క అతికించి చేతులు దులుపుకున్న సర్వే ఆఫీసు పెద్దమనుషులారా, ఈ పాపం మీది. దాన్ని కళ్లు మూసుకుని నమ్మినవాళ్లది ఇంకా పెద్ద పాపం.

ఆ ఉదయం డ్రాఫ్ట్స్‌మన్ అనుకున్నది చిన్న పనే. గుట్టల మీది పల్లెల పాత పటానికి నకలు గీసి, మధ్యాహ్నానికి గుట్ట మీదున్న మేనత్త ఇంటికి భోజనానికి పోవాలి. పటంలో గుట్ట నెత్తిన వాగు కనిపించి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కానీ ఆఫీసు నియమం, ఉన్నది ఉన్నట్టు గీయాలి. పైగా ఆకలి. గీసేశాడు.

నకల్లో అత్త ఇల్లు సరిగ్గా వాగు నడుమ తేలింది.

"వాగు పూడ్చి ఇల్లు కట్టిందా? పడగొట్టాల్సిందే," అన్నాడు ఆఫీసరు. పాత పటాల కట్టంతా జీపులో వేయించి, జేసీబీని వెంటబెట్టుకుని గుట్టెక్కాడు. డ్రాఫ్ట్స్‌మన్‌కి జీపులో కాలు నిలవలేదు.

అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"వాగేదమ్మా?" అడిగాడు ఆఫీసరు.

"బిందె పట్టుకుని రోజూ కిందికి దిగి చస్తున్నాను. వాగుంటే దాస్తానా నాయనా?"

"పటం అబద్ధం చెప్పదు."

"అయితే ఆ పటాన్నే పిండి ఒక బిందె నింపు." మేనల్లుడి వైపు తిరిగింది. "గీసింది నువ్వేనటగా. అన్నం పెట్టే ఇంటిని ముంచావురా, అదీ చుక్క నీళ్లు లేకుండా."

ఆఫీసరు వాకిలి తవ్వించాడు. బండ తగిలింది.

"చూశారా, ఎంత గట్టిగా పూడ్చిందో."

జేసీబీ గోడ వైపు తిరిగింది. డ్రాఫ్ట్స్‌మన్ పరుగున వెళ్లి పాత పటం లాగాడు. ఎండకు జిగురు ఊడి, వాగున్న ముక్క చేతిలోకొచ్చింది. అతుకు! కట్టంతా తిరగేశాడు. కింద పట్నం పటంలో, రాతి వంతెన పక్కన, అదే ఆకారంలో చిల్లు. ముక్క పెడితే అతికినట్టు సరిపోయింది.

"వంతెన పక్కన ఇప్పుడేముంది?" అడిగింది అత్త.

జేసీబీ డ్రైవరు కిందికి దిగాడు. "సారు కొత్త మేడ. పునాది నేనే తవ్వాను. ఎంత తోడినా నీళ్లు ఊరుతూనే ఉన్నాయి."

ఆఫీసరు గొంతు సవరించుకుని, పటాలన్నిటినీ నమ్మకూడదన్నాడు.

ఇన్నాళ్లూ నమ్మారుగా, ఇంకొక్క పూట నమ్మండి. వాగును దాని చోట అతికించండి. అత్త వాకిట్లో గొయ్యి పూడ్చండి. జేసీబీని కిందికి తిప్పండి. డ్రైవరుకు దారి తెలుసు.