ఎనిమిదిన్నరకి నయమైన దిగులు

దిగులుకీ బద్ధకానికీ తేడా ఏమిటన్న ప్రశ్న మీద పెద్ద పెద్ద వేదాంతులు తలలు బద్దలుకొట్టుకున్నారు. మా ఆఫీసు దాన్ని ఒక్క సర్క్యులర్‌తో తేల్చేసింది. కాగితం ఉంటే దిగులు, లేకపోతే బద్ధకం.

నా దగ్గర కాగితం ఉండేది. (గర్వపడాల్సిన విషయం కాదు గానీ, గర్వపడటానికి నా దగ్గర ఇంకేమీ లేదు.) నీటి మీటర్ల ఫిర్యాదుల విభాగంలో అందరూ తొమ్మిదింటికి రావాలి, నేను మాత్రం పదింటికి రావచ్చు. అందుకే నన్ను పదిగంటలాయన అంటారు. పొద్దుటిపూట నా ఒళ్ళు నా మాట వినదు. మెలకువ వస్తుంది, లేవడం రాదు. చెప్పులు మంచం పక్కనే ఉంటాయి, వాటిలో కాళ్ళు పెట్టడం మాత్రం ఇంకెవరి పనో అనిపిస్తుంది. ఇంట్లో ఎవరూ పోలేదు, కొంపలేమీ మునగలేదు. ఏళ్ళుగా ఇంతే.

డాక్టరు గారు మొదట్లోనే చెప్పారు. "మీది గాలివాన కాదండీ, ముసురు. గాలివానకైతే జనం పరిగెత్తుకొచ్చి సాయం పడతారు. ముసురుని ఎవరూ పట్టించుకోరు. అది ఆగాక బయల్దేరదామని కూర్చుంటే కూర్చునే ఉంటారు. గొడుగేసుకుని పోతూ ఉండాలంతే." ఆ గొడుగుకి మాత్రలు ఒక ఊచ, ఆయనతో మాటలు ఒక ఊచ, ఈ పదిగంటల అనుమతి ఇంకో ఊచ. ఆ ఒక్క గంట వెసులుబాటూ పోతే నా ఉద్యోగం ఎన్నాళ్ళో నిలబడదు. ఆ సంగతి నాకు తెలుసు, మా పై అధికారికి తెలుసు. (గోడ గడియారానికి మరీ బాగా తెలుసు.)

అనుమతిని ఏటా పొడిగించుకోవాలి. దిగులు అలాగే ఉందా, మధ్యలో ఎక్కడికైనా బదిలీ అయిందా అని చూడటానికి 'దీర్ఘకాలిక విచార నిర్ధారణ సంఘం' అని ఒకటుంది. ఈ ఏడు దానికి కొత్త అధ్యక్షుల వారొచ్చారు. పొద్దున ఎనిమిదిన్నరకి స్వయంగా హాజరు కావాలని కబురు పెట్టారు. రాకపోతే అభ్యర్థికి దిగులు మీద ఆసక్తి తగ్గినట్టు భావించి దరఖాస్తు మూసేస్తారట.

నేను ఆ సంఘంలోనే సభ్యురాలైన సంక్షేమాధికారి గారికి ఫోన్ చేశాను. "పొద్దున్నే లేవలేకపోతున్నాననే కదండీ మేడం, నా దరఖాస్తు?"

"అవునండీ. అదే ముక్క పొద్దున్నే వచ్చి చెప్పండి," అన్నారావిడ, ఎంతో మర్యాదగా.

ఆ రోజు తెల్లారగానే అక్క నా గదిలోకొచ్చి మంచం మీద కూర్చుంది. నేనుండేది అక్క దగ్గరే.

"లేవరా. ఇవాళొక్కపూట లేచావంటే, నువ్వు లేవలేవని రాసిస్తారు."

"అక్కా, ఆ మాట నీకైనా అర్థమైందా?"

"అర్థం కాకపోతే పోయింది, ముందు నువ్వు లే. ఉద్యోగం పోయిందంటే పగలంతా ఈ గదిలోనే పడుంటావు. నాకు భయంరా."

చివరి మాట మామూలుగానే అంది గానీ, నా మొహం చూడకుండా దుప్పటి మడతపెట్టడం మొదలెట్టింది, నేనింకా దుప్పట్లో ఉండగానే. నాకు సిగ్గేసింది. లేచాను. అక్కే ఇస్త్రీ చొక్కా తొడిగి, తల దువ్వి, దగ్గరుండి బస్సెక్కించింది. నలభై దాటిన మనిషిని కొత్తగా బడికి పంపినట్టు పంపింది.

ఎనిమిదిన్నరకల్లా సంఘం ముందు కూర్చున్నాను. నేను చేసిన తప్పల్లా అదే.

"టైముకే వచ్చారే!" అన్నారు అధ్యక్షుల వారు.

"మా అక్క లేపిందండీ."

"అంటే, లేపితే లేస్తారన్నమాట." రాసుకున్నారు.

"చొక్కా ఇస్త్రీ చేసుంది," అన్నారు సంక్షేమాధికారి.

"అదీ అక్కేనండీ."

"తల కూడా దువ్వుకున్నారు."

"నేను దాని జోలికే పోలేదండీ. ఒక పని చేయండి, ఆ అనుమతేదో మా అక్కకిచ్చేయండి. నా గురించి బెంగపడేదీ ఆవిడే, పొద్దున్నే లేచేదీ ఆవిడే."

భయం కొద్దీ అన్నాను. భయమేస్తే నాకు జోకులొస్తాయి, చిన్నప్పట్నుంచీ ఉన్న దరిద్రం ఇది. సంక్షేమాధికారి పకపకా నవ్వారు. ఆవిణ్ణి చూసి నేనూ నవ్వాను. అధ్యక్షుల వారు కలం ఎత్తి ఆ నవ్వుని నమోదు చేశారు.

సమయపాలన, శుభ్రత, హాస్యప్రియత్వం దృష్ట్యా అభ్యర్థికి నయమైనట్టు అక్కడికక్కడే ఉత్తర్వు వెలువడింది. రేపట్నుంచి తొమ్మిది గంటలు. (రాకపోతే దరఖాస్తు మూసేసేవారు. వచ్చాను గనక జబ్బు నయం చేశారు. ఏ ఆసుపత్రిలోనూ ఇంత చురుగ్గా పని జరగదు.)

మెట్లు దిగుతుంటే అధ్యక్షుల వారు వెనకే వచ్చారు.

"మీ డాక్టరు గారు... మంచివారేనా?"

"చాలా మంచివారండీ. ఎవరికి?"

"తెలిసినాయనకి. తెల్లారకముందే మెలకువొచ్చేస్తుందట. మళ్ళీ పడుకోలేడు, ఇంట్లో కూర్చోలేడు. తాళాలు తీసే మనిషి కంటే ముందొచ్చి ఈ మెట్లమీదే కూర్చుంటాడు. మీటింగు ఎనిమిదిన్నరకి పెడితే ఎవరిదో ఒకరి మొహం కనిపిస్తుంది కదా అని..." చంకలో ఫైలు సర్దుకున్నారు. "అయినా, రోజూ టైముకే వస్తున్నాడు కదండీ. జబ్బయి ఉండదులెండి."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. డాక్టరు గారి చిరునామా చెప్పాను. "సాయంత్రాలే చూస్తారండీ. పొద్దున్నే లేవడం ఆయనకీ కష్టమట."

అధ్యక్షుల వారు నవ్వబోయి, అటూ ఇటూ చూసి ఆపుకున్నారు.

"మరి నా ఉత్తర్వు సంగతండీ?"

"సంతకమైపోయిందండీ," అన్నారు, నిజంగానే బాధపడుతూ.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమన్నార్రా?"

"నయమైపోయిందన్నారు."

అక్క నా చొక్కా కాలరు సవరించింది. "మరి ఆ సంగతి నీ దిగులుకెవరైనా చెప్పారా?"

చెప్పినట్టు లేరు. మర్నాడు నేను కళ్ళు తెరిచేసరికి అది అప్పటికే వచ్చి మంచం మీద కూర్చుని ఉంది. ఇన్నేళ్ళలో ఒక్క సెలవు పెట్టలేదు, ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు. నా బదులు దాన్ని ఉద్యోగంలోకి తీసుకుని ఉంటే మా ఆఫీసు ఎప్పుడో బాగుపడేది.