నల్ల కళ్లద్దాల మనిషి, పన్నెండు వందల సామ్రాట్

"ఈ బెజవాడలో ఉన్న నేరస్తులందరూ ఇవాళే మూటా ముల్లే సర్దుకోవడం మంచిది," అని ప్రకటించాడు సొలొమోను, కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీద కాలు మీద కాలేసుకుంటూ. "నా బుర్ర ఇవాళ పూర్తిగా ఖాళీ."

బుర్ర సంగతిలో తారిక్‌కి ఏనాడూ అనుమానం లేదు. పెళ్లివారి జాకెట్టు చేతి అంచు మడుస్తూ ఊఁ కొట్టాడు.

సొలొమోను ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టు. ఆఫీసు అయ్యాక డిటెక్టివ్. ఆఫీసు అవకముందు కూడా ఎక్కువ భాగం డిటెక్టివే. ఇంతవరకూ ఆయన ఛేదించిన ఘనమైన కేసు ఒక్కటుంది. అత్తగారు సంపూర్ణమ్మ గారి కోడిపెట్ట మాయమైతే గుణదలంతా గాలించి, ఇద్దరు పాలవాళ్లనీ ఒక పోస్టుమేన్‌నీ నిలదీసి, ఆదివారం మధ్యాహ్నం దాన్ని కూరలో కనిపెట్టాడు. అది కూడా రెండోసారి వడ్డించుకున్నాక. కోసింది అత్తగారే, తిన్నది అల్లుడే అని తేలడంతో కేసు సామరస్యంగా ముగిసింది.

"నేరస్తుల సంగతి రేపు చూద్దువుగాని, నేను బజారుకెళ్లాలి," అన్నాడు తారిక్ లేస్తూ. "అఫ్సాకి టీవీ గేము కొనాలి."

అఫ్సా తారిక్ కూతురు. వేసవి సెలవులు ఇచ్చిన రోజునే పక్కింటి గోడెక్కి మామిడికాయ అందుకోబోయి కింద పడింది. కాలికి సిమెంటు కట్టు కట్టారు. సందులో పిల్లలు కేకలేస్తూ ఆడుకుంటుంటే వెనక గదిలో మంచం మీద పడుకుని పైకప్పు వైపు చూస్తూ ఉంటోంది. ఏడిస్తే ఊరుకోబెట్టవచ్చు. ఆ పిల్ల ఏడవదు, నవ్వదు, తండ్రి అడిగిందానికి "ఆఁ అబ్బా" అని మాత్రం అంటుంది. అంత వాగే పిల్ల అలా అయిపోతే తారిక్‌కి మిషను తొక్కబుద్ధి కావడం లేదు.

గుమ్మంలోకి వచ్చిన భార్య సైదాబీ మెల్లగా రెండు మాటలు చెప్పింది. "ఇవాళ గేము లేకుండా ఇంటికి రావద్దు. సొలొమోను అన్నయ్యని మాత్రం తీసుకెళ్లొద్దు."

రెండో మాట ముగిసేసరికి సొలొమోను బయట స్కూటర్‌ని పక్కకి వంచి, నాలుగు మంచి మాటలు చెప్పి, కిక్కు కొడుతున్నాడు. "ఎక్కరా. ఒక వస్తువు కొనాలంటే ముందు దాన్ని అనుమానించాలి. కొనేవాడికి కాదు, డిటెక్టివ్‌కి తగిన పని ఇది."

ముందు బీసెంట్ రోడ్డులో రత్తయ్య గారి ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లారు. ఈ మధ్యే వాచీల పక్కన వీడియో గేములు కూడా పెట్టాడాయన. అద్దాల బీరువా లోంచి నల్లటి పెట్టె ఒకటి తీసి రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

"సామ్రాట్ అండీ. పదహారు బిట్లు. దీంట్లో తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలుంటాయి. పదిహేను వందలు."

"బిట్లంటే ఏంటండీ?" అన్నాడు తారిక్. తన కుట్టుషాపులో బిట్లంటే జాకెట్లకి పోగా మిగిలిన ముక్కలు.

"ఎనిమిది కంటే పదహారు రెట్టింపు, అంతవరకూ తెలిస్తే చాలు," అని సొలొమోను పెట్టెని చేత్తో ఎత్తి తూచాడు. "బరువు చూడరా. ఇదీ క్వాలిటీ అంటే."

తారిక్ జాయ్‌స్టిక్ పట్టుకుని ఒకటో నంబరు ఆట చూశాడు, ముప్ఫై అయిదో నంబరు ఆట చూశాడు. "ఆట అదేనండీ. ప్యాంటు రంగు మారింది," అన్నాడు. చివరికి డెబ్భయ్యో నంబరు వెతికాడు. అందులో మళ్లీ మొదటి ప్యాంటే ఉంది.

తారిక్ జేబులో ఉన్నది పన్నెండు వందలు. అది తెలిసిన సొలొమోను బల్ల మీదికి వంగి, రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "రత్తయ్య గారూ, వన్‌టౌన్‌లో బొమ్మల కొట్టు మదార్ సాహెబ్ గారు ఇదే సామ్రాట్ పన్నెండు వందలకే ఇస్తామన్నారండి."

ఇది అబద్ధం అనుకునేరు. బెజవాడలో ఇది మర్యాద. వంకాయలు కొన్నా బీరువా కొన్నా అవతలి కొట్టులో తక్కువకిస్తామన్నారని చెప్పాలి. అయితే అక్కడే కొనుక్కోండి అని కొట్టాయన అనాలి. ఆ తర్వాత ఇద్దరూ అసలు బేరంలోకి దిగాలి. కానీ రత్తయ్య గారికి ఈ గేముల వ్యాపారం కొత్త. అప్పటికే డబ్బు పోసి పెద్ద లాటు దించుకుని బెంగతో ఉన్నాడేమో, ఆయన నిజంగా నమ్మేశాడు. మొహం పాలిపోయింది.

"ఓ గంట ఆగి రండి, చూద్దాం," అని లోపలికి తిరిగి కేకేశాడు. "ఒరేయ్ వెంకటసుబ్బారావూ, సైకిలు తియ్యి."

ఆ కేక తారిక్ విన్నాడు. సొలొమోను స్కూటర్‌ని వంచే పనిలో ఉన్నాడు.

దారిలో చెరుకురసం బండి దగ్గర ఆగారు. ఉయ్యూరు చెరుకు తాగితే ఆలోచన పదునెక్కుతుందని సొలొమోను సిద్ధాంతం. ఆలోచన బాగా పదునెక్కేదాకా తాగి, వన్‌టౌన్‌లో మదార్ సాహెబ్ కొట్టు చేరేసరికి ఎండ నడినెత్తి నుంచి దిగింది.

మదార్ సాహెబ్ తెల్ల లాల్చీలో బొమ్మల మధ్య కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. సొలొమోను అడిగింది విని నవ్వాడు.

"సామ్రాటా? ఆ మాలు నేనెప్పుడూ తేలేదు నాయనా. ఇవాళేంటో అందరూ అదే అడుగుతున్నారు. ఇందాకే ఒకాయన వచ్చాడు. నల్ల కళ్లద్దాలు, గళ్ల చొక్కా. పన్నెండు వందల సామ్రాట్ ఉందటగా, చూపించండి అంటాడు. లేదంటే నమ్మడే. బల్ల కిందకి వంగి చూసి మరీ వెళ్లాడు."

సొలొమోను మొహంలో రక్తం ఇంకిపోయి, మళ్లీ రెట్టింపు వేగంతో ఎగదన్నింది. తారిక్ చెయ్యి పట్టుకుని బొమ్మ విమానాల వెనక్కి లాక్కెళ్లాడు.

"విన్నావా? పన్నెండు వందలు. ఆ అంకె ఎక్కడ పుట్టింది? నా పుర్రెలో. లోకంలో ఇంకెవరికీ తెలియదు. మరి ఆ నల్ల కళ్లద్దాలవాడికి ఎలా తెలిసింది?"

"ఒరేయ్, నువ్వు రత్తయ్య గారితో..."

"మధ్యలో మాట్లాడకు, లింకు తెగిపోతుంది. ఇది ఆటబొమ్మల వ్యవహారం కాదు. దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది. సామ్రాట్ ఎందుకంత బరువుందో ఆలోచించావా?"

"క్వాలిటీ అన్నావుగా."

"అప్పుడు కొనేవాడిగా అన్నాను. ఇప్పుడు డిటెక్టివ్‌గా చెబుతున్నాను. లోపల బంగారం బిస్కెట్లున్నాయి."

తారిక్ అతన్ని విమానాలకి వదిలేసి బల్ల దగ్గరికి వచ్చాడు. మదార్ సాహెబ్ తెల్లటి చిన్న పెట్టె ఒకటి చూపించాడు. పేరు చిట్టి మాస్టర్. ఎనిమిది బిట్లే. ముప్ఫై ఆటలే, కానీ దేని ప్యాంటు దానిదే, దేని దారి దానిదే. రెండు జాయ్‌స్టిక్‌లు, బాతుల్ని కొట్టడానికి వైరున్న తుపాకి ఒకటి. పాత టీవీకి యాంటెనా పెట్టే చోటే తగిలించుకోవచ్చు. తారిక్ ఇంట్లో ఉన్నది పాత టీవీయే. జాయ్‌స్టిక్ వైరు టీవీ దగ్గర్నుంచి మంచం దాకా వస్తుందా అని చేత్తో మూరలు వేసి చూసుకున్నాడు. వస్తుంది.

"తొమ్మిది వందల యాభై," అన్నాడు మదార్ సాహెబ్.

తారిక్ చెయ్యి జేబులోకి వెళ్లింది. సొలొమోను చెయ్యి వచ్చి దాన్ని ఆపింది. "కేసు తేలకుండా కొనడానికి వీల్లేదు, సాక్ష్యం చెడుతుంది," అని తారిక్ చెవిలో చెప్పి, అలవాటు కొద్దీ నోరు జారాడు. "సాహెబ్ గారూ, రత్తయ్య గారు ఇదే ఏడు వందలకి ఇస్తున్నారు కదండీ."

మదార్ సాహెబ్ గడ్డం నిమురుకున్నాడు. ఈ మాట ఎన్ని వేలసార్లు విన్నాడో ఆయన గడ్డానికే తెలుసు. విసనకర్ర పక్కన పెట్టి, చిట్టి మాస్టర్‌ని గుడ్డసంచిలో వేసుకుని, కొట్టుకి తాళం వేశాడు.

"పదండి నాయనా. ఏడు వందలకొస్తే నేనే ఓ డజను కొనుక్కుంటాను."

సొలొమోను దీన్ని తన ఎత్తుగడ అన్నాడు. "సాక్షిని ఘటనాస్థలికి రప్పిస్తున్నాను." తారిక్ మాత్రం వెనక సీటులో కూర్చుని, గేము లేకుండా ఇంటికెళితే సైదాబీ ఏమంటుందో అని కాదు, అఫ్సా ఏమీ అనదే అని భయపడుతున్నాడు. ఆ "ఆఁ అబ్బా" ఇవాళ మళ్లీ వినలేడు.

రిక్షాలో మదార్ సాహెబ్, స్కూటర్ మీద వీళ్లూ ఒకేసారి షాపు ముందు దిగారు. పెద్దాయన సంగతి చెప్పగానే రత్తయ్య గారు తెల్లబోయాడు.

"చిట్టి మాస్టర్ నా దగ్గర లేదండీ. మీరే సామ్రాట్ పన్నెండు వందలకి ఇస్తున్నారట కదా?"

"నా దగ్గర సామ్రాటే లేదు."

ఇద్దరూ నెమ్మదిగా సొలొమోను వైపు తిరిగారు. తారిక్ సిగ్గుతో గోడ గడియారాలు చూడటం మొదలుపెట్టాడు. అవన్నీ తలో టైమూ చూపిస్తున్నాయి.

"రేట్ల సంగతి తర్వాతండీ," అన్నాడు సొలొమోను తొణక్కుండా. "ముందు రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి ఆడించండి. నిజం దానంతటదే బయటపడుతుంది."

ఈ ఒక్క మాటే ఆ రోజంతా ఆయన అన్నవాటిలో నిజమైంది. రెండు టీవీలు పెట్టి, ఒకే బల్ల మీద సామ్రాట్‌నీ చిట్టి మాస్టర్‌నీ తగిలించారు. సామ్రాట్ ఠీవిగా కూర్చుంది. చిట్టి మాస్టర్ గల్లుగల్లున పాట అందుకుంది. సొలొమోను తుపాకి పట్టుకుని బాతుల్ని గురిచూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి ఒక మనిషి వచ్చాడు. నల్ల కళ్లద్దాలు. గళ్ల చొక్కా. చేతిలో చిన్న పొట్లం.

"కదలకు, నీ ఆట కట్టు," అన్నాడు సొలొమోను, బాతుల తుపాకి అతని వైపు తిప్పి.

ఆ మనిషి నిజంగానే కదల్లేదు. కదిలింది సొలొమోను. పులిలా దూకాలనుకున్నాడు గానీ తుపాకి వైరు చిట్టి మాస్టర్‌కి, చిట్టి మాస్టర్ వైరు టీవీకి, సామ్రాట్ వైరు సొలొమోను కుడికాలికి ఉన్నాయి. ఆయన ముందుకి వెళ్లాడు, బల్ల పక్కకి వెళ్లింది, సామ్రాట్ గాల్లోకి వెళ్లింది. ధబేలుమన్న చప్పుడు రెండుసార్లు వినిపించింది. ఒకటి పెట్టెది, ఒకటి డిటెక్టివ్‌ది.

డిటెక్టివ్ పడింది గళ్ల చొక్కా మీద. ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి నల్ల కళ్లద్దాలు లాగేశాడు. లోపల చింతనిప్పుల్లాంటి రెండు కళ్లు నీళ్లు కారుస్తూ కనిపించాయి.

"కళ్లకలకండీ," అన్నాడా మనిషి దీనంగా. "దగ్గరికి రాకండి, అంటుకుంటుంది. చుక్కల మందు తెచ్చుకున్నాను."

"వాడు మా బావమరిది వెంకటసుబ్బారావండీ," అన్నాడు రత్తయ్య గారు. "మీరు చెప్పిన రేటు నిజమా కాదా చూసి రమ్మని నేనే పంపాను."

"ఆ మాటే ఇందాకట్నుంచీ చెప్పబోతున్నాను," అన్నాడు తారిక్.

కానీ అతని మాట ఎవరూ వినలేదు. అందరూ నేల వైపు చూస్తున్నారు. సామ్రాట్ రెండు చెక్కలైంది. లోపల అరచేతి వెడల్పున ఒక ఆకుపచ్చ సర్క్యూటు అట్ట, దాని పక్కన జిగురుతో అంటించిన ఇనప ముక్క. ఆ పెట్టె ఠీవి, బరువు, క్వాలిటీ అన్నీ ఆ ముక్కే. చిట్టి మాస్టర్ మాత్రం బల్ల అంచు నుంచి వైరు పట్టుకుని వేలాడుతూ, గల్లుగల్లున పాడుతూనే ఉంది.

సొలొమోను లేచి, మోకాలు దులుపుకుని, ఇనప ముక్కని వేలితో తట్టి చూశాడు. "బంగారం కాదు, ఇనుము. లోహం వరకూ నేను చెప్పింది కరెక్టే కదా."

రత్తయ్య గారు స్టూలు మీద కూలబడ్డాడు. ఇలాంటివి ఆయన కొట్టు లోపల ఇంకా ఉన్నాయి, అమ్మినవాడి మాట నమ్మి కొన్నవి. మదార్ సాహెబ్ వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక్కటి కూడా జనానికి అమ్మకముందే తెలిసింది, అదృష్టం. సరుకు కట్టి పెట్టు రత్తయ్యా. రేపు నేనూ వస్తాను, ఆ హోల్‌సేల్ వాడితో మాట్లాడదాం." విరిగినదానికి ఎంతివ్వాలని తారిక్ అడిగితే, దానికి డబ్బడిగే మొహం తనకి లేదన్నాడు రత్తయ్య గారు. తారిక్ అక్కడే తొమ్మిది వందల యాభై లెక్కపెట్టి మదార్ సాహెబ్ చేతిలో పెట్టాడు. ఈసారి సొలొమోను నోరు తెరవకుండా తారిక్ అతని కాలు తొక్కి పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి పెట్టె తగిలించారు. అఫ్సా దిండుకి ఆనుకుని జాయ్‌స్టిక్ అందుకుంది. చూసింది. మొహంలో ఏమీ లేదు.

"అలా కాదమ్మా, ఇలాంటివి డిటెక్టివ్‌లు ఆడాలి," అని సొలొమోను రెండోది తీసుకుని టీవీ ముందు నిలబడ్డాడు. తెర మీద బొమ్మ గెంతినప్పుడల్లా తనూ గెంతాడు. బొమ్మ మొదటి గోతిలో పడింది. మళ్లీ ఆడాడు, మళ్లీ అదే గోయి. మూడోసారి బొమ్మతో పాటు ఎంత ఎత్తు ఎగిరాడంటే తల వెళ్లి అటక బల్లకి తగిలి, పైనున్న స్టీలు గ్లాసులన్నీ ఒక్కొక్కటే నెత్తిన రాలాయి.

అఫ్సా నవ్వింది. ముందు ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి, చివరికి కట్టు కాలు కదిలి నొప్పెడుతున్నా ఆపుకోలేక నవ్వింది. వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చిన సైదాబీ గుమ్మంలోనే ఆగి, గరిటె చంకలో పెట్టుకుని కూతురి నవ్వు చూసింది.

"చూశావా, కేసు ఎలా ఛేదించానో," అన్నాడు సొలొమోను, తల తడుముకుంటూ.

తారిక్ దగ్గర దీనికి చాలా జవాబులున్నాయి. పన్నెండు వందల దగ్గర్నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పొచ్చు. కానీ వంగి నేల మీది గ్లాసులు ఏరడం మొదలుపెట్టాడు.

"చూశానురా," అన్నాడు. "ఇంకోసారి ఆడు."

రెండు రోజుల తర్వాత సొలొమోను నల్ల కళ్లద్దాలతో వచ్చాడు. కళ్లు రెండూ చింతనిప్పులు. ఇప్పుడు తను పూర్తిస్థాయి డిటెక్టివ్‌లా కనిపిస్తున్నానని ఆయనకి పరమానందం. కళ్లకలక తగ్గేదాకా లోపలికి రానిచ్చేది లేదంది సైదాబీ. అందుకని కిటికీ బయట సందులో నిలబడి, లోపల అఫ్సా ఆడుతుంటే, ఆమె బొమ్మ గెంతినప్పుడల్లా తనూ గెంతుతున్నాడు. వీధి పిల్లలందరూ చుట్టూ చేరి తామూ గెంతుతున్నారు. లోపల్నుంచి అఫ్సా నవ్వు, "అంకుల్, గోయి, గోయి" అన్న కేకలు ముందు గదిలోకి వినిపిస్తున్నాయి. తారిక్ మిషను తొక్కుతూ వింటున్నాడు. పెళ్లివారి జాకెట్టు మీద కుట్టు వంకరపోయింది, అయినా ఆపలేదు.