సగం దించిన షటర్లు

భార్య మల్లికమ్మ పోయిన రోజే, కిరాయి దుకాణాలుగా కట్టిన మడిగెలకు షటర్లు వచ్చాయి. ఎక్కడ దించాలని లారీ డ్రైవరు ఫోన్ చేస్తే, దవాఖాన వరండాలో నిలబడి "రోడ్డు పక్కనే దించు" అన్నాడు ఐలేశం సారు. తరువాత ఎవరో బిగించారు. ఎలా బిగించారో ఆయన అడగలేదు.

రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఆలేరు శివారులో మడిగెలు కట్టాలన్నది మల్లికమ్మ ఆలోచన. "పాత బజార్ల ఎవలున్నరు? కొత్త ఇండ్లన్ని రోడ్డు పొంటనే లేస్తున్నయి. యాదగిరిగుట్టకు పోయే బండ్లు గీ దారినే పోతున్నయి. జనం యాడికి జరిగితే మడిగె ఆడ ఉండాలె" అనేది. రామన్నపేటలో కిరాయి ఇంటి నుంచి బస్సెక్కి వచ్చి, గోడలకు తనే నీళ్లు పట్టేది. ఆమె చెప్పినట్టే జనం జరిగారు. ఈ మడిగెల ముందు మాత్రం ఎవరూ ఆగలేదు. ఈసారి కూడా కిరాయికి కుదరకపోతే అమ్మేస్తానని బిడ్డ వర్షితకు మాటిచ్చాడు సారు.

ఈసారి అంటే గోపీకృష్ణ. యాదగిరిగుట్టలో టిఫిన్ హోటల్ నడుపుతాడు. ఇంకొకటి పెట్టడానికి జాగా వెతుకుతున్నాడు. అతను పది గంటలకు వస్తానన్నాడు. ఆలోపు షటరు ఎత్తి, ఊడ్చి, నీళ్లు చల్లి ఉంచాలనుకున్నాడు సారు.

షటరు సగం దాకా లేచి ఆగింది. పైకి నెట్టినా రాలేదు, కిందికి గుంజినా దిగలేదు. వంగి లోపలికి దూరి, ఊడ్చి, మళ్లీ వంగి బయటికి వచ్చేసరికి నడుము పట్టేసింది. మెట్టు మీద కూలబడి, తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

ఎదురుగా కిరాణం కొట్టులోంచి నర్సింగమ్మ చూసింది. తెల్లబట్టల మనిషి, ముఖం మీద తువ్వాల, వెనక సగం దించిన షటరు. ఆ రోడ్డు మీద ఎవరైనా పోతే శవం లేచేదాకా కొట్లన్నీ షటరు సగం దించాలి. ముందు దించడం, తరువాత అడగడం; అదే మర్యాద. నర్సింగమ్మ దించింది. ఆమెను చూసి పక్కన పంక్చర్ల సైదులు దించాడు. అలా వరసగా రోడ్డు చివర రైసు మిల్లు దాకా దిగాయి.

తరువాత అడగడం మొదలైంది. సారుకు దగ్గరివాళ్లెవరో పోయారని నర్సింగమ్మ అంది. ఆ మాట మిల్లు దగ్గరికి చేరేసరికి పోయింది సారే అయ్యాడు. ఎల్లస్వామి, ఒకప్పుడు సారుకు హెడ్మాస్టరు, పూలదండతో ఆటో దిగాడు.

"ఏమయ్యా ఐలేశం, ఉన్నవా?"

"ఉన్న సార్."

"మరి గీ దండ?"

"జర ఆగుండ్రి. ఎవలకన్న పనికొస్తది."

అప్పటికే మనుషులు మూగారు. షటరు చెడిపోయిందని, ఎవరూ పోలేదని సారు ఒక్కొక్కరికి చెప్పాడు. ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన ఓపిక అందులోనే అయిపోయింది.

"ఇగ మీ షటర్లు ఎత్తుకోండ్రి" అన్నాడు చివరకు.

"ఎట్లెత్తుతం సారూ?" అంది నర్సింగమ్మ. "దించినంక పీనుగు లేవకుంట ఎత్తితే అరిష్టం."

"పీనుగు లేదు గదమ్మా."

"అదే గదా ఫికరు."

"గట్లయితే సారు జరసేపు పండుకుంటె సరిపోతది" అన్నాడు సైదులు. ఎవరూ నవ్వలేదు. కొందరు ఆలోచిస్తున్నట్టే కనిపించారు.

సరిగ్గా అప్పుడే గోపీకృష్ణ మోటారు సైకిలు ఆపాడు. దిగిన షటర్లు, జనం, దండ పట్టుకున్న ముసలాయన. చావు నిలబడ్డ గడపలో హోటల్ ఎవడు పెడతాడు? వర్షితకు ఏమని చెప్పాలో సారు మనసులో మాటలు పేర్చుకోసాగాడు.

నర్సింగమ్మ గొంతు తగ్గించి అంది: "మల్లికక్క పోయిన్నాడు మేమెవ్వలం దించలే సారు. మాకు ఎర్కనే లేదు. రోజూ నా కొట్ల కూసోని చాయ్ తాగిన మనిషి. పెద్దకర్మ అయినంక తెలిసింది. గీ దించింది అక్కకే అనుకుందం."

సారు మెట్టు మీంచి పక్కకు జరిగాడు. ఎల్లస్వామి వెళ్లి దండను షటరు కొక్కేనికి తగిలించాడు. తలపాగలు దిగాయి. గుట్టకు పోయే బస్సు కూడా, దారి లేక, కాసేపు ఆగింది. ఆ తరువాత నర్సింగమ్మ తన షటరు ఎత్తింది. మిల్లు దాకా అన్నీ లేచాయి, సారుది తప్ప.

గోపీకృష్ణ వంగి లోపలికి వెళ్లి, గోడ తట్టి చూసి, వంగి బయటికి వచ్చాడు.

"నాకు రెండు మడిగెలు గావాలె సారు."

"గింత జూసినంక గూడనా?"

"నాలుగూర్లు తిరిగిన. రోడ్ల పొంట మడిగెలే ఉన్నయి, మనుషులు లేరు. గీడ ఉన్నరు. గింతమంది ఒక్కతాన నిలబడితే చాయ్ పొయ్యకపోవుడు నాదే తప్పు." జేబులోంచి పెన్ను తీశాడు. "బోర్డు మీద అడ్రసు రాయించాలె. మీ కాంప్లెక్సు పేరేంది?"

సారు కొక్కేనికి వేలాడుతున్న దండ వైపు చూశాడు. రేపు చెబుతానన్నాడు.

హోటల్ నడుస్తోంది, పొద్దున కూర్చోవడానికి చోటు దొరకదు. కాంప్లెక్సుకు మాత్రం ఇంకా పేరు పెట్టలేదు.